రెండు దళాలు

కోరుట్ల
24-2-1988

భూమికి, కమల దొరసాని ఆశీస్సులు.

నువ్వు చదవడం రాయడం నేర్చుకున్నావని లచ్చయ్య చెప్పాడు. మన ఊరి లచ్చయ్యే, ఇప్పుడు ఇక్కడ బీడీ కంపెనీలో పనిచేస్తున్నాడు. యాభై ఏళ్ళు దాటాక పలక పట్టావంటే మొదట నమ్మలేదు. తర్వాత నమ్మి, వెంటనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అవసరం నాది మరి.

మేము అంత పెద్ద ఇల్లు, గడి విడిచి ఎనిమిదేళ్ళయింది. రైతుకూలీ సంఘం వాళ్ళు మన పొలాల్లో ఎర్రజెండాలు పాతిన సంవత్సరం బండ్లు కట్టించుకుని వచ్చినవాళ్ళం, ఈ ఊళ్ళో నాలుగు ఇళ్ళు మారాం. ఇప్పుడున్నది ఒక మేడ మీద. ముప్పై ఆరు మెట్లు ఎక్కాలి. ఎక్కితే ఒక రేకుల గది, దాని ముందు నాలుగు మంచాలు పట్టే డాబా. చైత్రం రాకముందే పది గంటలకల్లా గది పొయ్యి అవుతోంది.

మీ దొర ఇక్కడ ఉండలేమంటున్నారు. హైదరాబాదులో తన తమ్ముడు భాస్కర్ రావు ఇంటికి పోదామంటున్నారు. పోయినేడు అక్కడ నెల రోజులు ఉండి వచ్చాను. మంచివాళ్ళే, ఒక్క మాట అనరు. కానీ గ్లాసెడు నీళ్ళు తాగాలన్నా ఏ గ్లాసులో తాగాలో అడగాలి. గడి పోయింది, ఊరుకున్నాను. ఈ డాబా కూడా పోతే ఇది నాది అనడానికి నాకేమీ మిగలదు. ఒకరి ఇంట్లో మూలన కూర్చుని బతకడం నా వల్ల కాదు భూమీ.

గట్టిగా కొట్లాడితే ఒక మాటకు ఒప్పుకున్నారు. మృగశిర కార్తె లోపల రేకుల మీదికి తీగ పాకించి గదిని చల్లబరిస్తే ఇక్కడే ఉంటాం, లేకపోతే బండి ఎక్కుతాం. ఆ మాట నవ్వుతూ అన్నారు. నేను జన్మలో ఒక గింజ కూడా నాటలేదని ఆయనకు తెలుసు.

గడిలో తోటంతా నీ చేతి మీదే నడిచింది. ఏం వేయాలి, ఎట్లా వేయాలి రాయి. గింజలు పంపు.

ఇట్లు,
కమల దొరసాని


3-3-1988

దొరసానికి భూమవ్వ రాయునది.

నీ ఉత్తరం అందింది. భూమి అని రాసినవు. బళ్ళె నేను నా పేరు భూమవ్వ అని దిద్దిన. గా చివర "వ్వ" సరిగ్గ రాసుటానికి నాకు పదిరోజులు వట్టింది, దాన్ని ఇడిచిపెట్టకు. ఉత్తరం కింద "నీ బాంచెన్" అని రాద్దామనుకున్న గని గా మాట మా పంతులు నేర్పలేదు. నాకు పుస్తకం తెలుగు రాదు, మాట్లాడినట్టే రాత్తున్న.

నీ గడిల ఇప్పుడు పోలీసు క్యాంపు వెట్టిండ్రు. తోట లేదు. మల్లె పందిరి ఉన్నకాడ జీపులు ఆపుతున్నరు. అడగకముందే చెప్పుతున్న, మల్ల ఎవలో చెప్పితె బాధైతది.

ఇగ నీ డాబా సంగతి. ఎండకాలం చెట్టు వెట్టుడంటె మొదలు చోటు సూసుకోవాలె. పొద్దు యాడ పొడుస్తది, నీడ యాడ పడ్తది, రెండు రోజులు ఊకె కూసోని సూడు. ఉట్టిగ కూసునుడు నీకు అలవాటే గదా, కట్టం గాదు. కుండీలు కొనకు. డాల్డా డబ్బాలు, పలిగిన నీళ్ళ రంజన్లు, గోనె సంచులు, పాత గంగాళం, ఏదైన సరే, అడుగుకు బొక్క ఉండాలె. చెరువు మట్టి మూడు పాళ్ళు, మేక పెంట ఒక పాలు కలిపి చేత్తోని పిసుకాలె. నీ చేత్తోని. గాజులు తీసి పక్కకు వెట్టు. పనిమనిషితోని పిసికిపిస్తె గింజకు తెలుస్తది.

గుడ్డల కట్టి గుమ్మడి గింజలు పంపుతున్న. గుమ్మడాకు పెద్దది, రేకులను మంచిగ కప్పుతది.

రాసింది,
భూమవ్వ


కోరుట్ల
22-3-1988

భూమవ్వకు,

"వ్వ" పెట్టాను, చూసుకో.

నువ్వు చెప్పినట్టే రెండు రోజులు ఊరికే కూర్చుని నీడ చూశాను. పడమటి పిట్టగోడ పక్కన మధ్యాహ్నం దాటితే ఎండ ఉండదు. తర్వాత లచ్చయ్య చెరువు మట్టి తెచ్చి కింద పోస్తే, ముప్పై ఆరు మెట్లు నేనే మోశాను. బుట్టకు బుట్టకు మధ్య ఎనిమిదో మెట్టు మీద కూర్చునేదాన్ని. కింది వాటా వాళ్ళు మొదటి రోజు చూసి లోపలికి పోయారు. రెండో రోజు నీళ్ళిచ్చారు.

మా పెళ్ళినాటి ఇత్తడి గంగాళం ఉంది కదా, అందులోనే పెళ్ళికొడుకు మంగళ స్నానానికి నీళ్ళు కాచింది. దాని అడుగుకు కంచరితో బొక్క కొట్టించాను. మీ దొర జగిత్యాల కోర్టులో భూముల వాయిదాకు పోయి సాయంత్రం వచ్చి చూశారు. "నా స్నానపు గంగాళంల మేకపెంట పోసినవా?" అన్నారు. రెండు రోజులు మాట్లాడలేదు. ఇల్లు హాయిగా ఉండింది.

ఇంత చేసినా గింజ మొలవలేదు. ఉగాది పోయింది, గింజలు వేసి పన్నెండు రోజులయింది, ఒక్కటీ రాలేదు.

తప్పు గింజలది కాదు భూమవ్వా, నా చెయ్యి మంచిది కాదు. నీ బిడ్డ కనకవ్వ పెళ్ళినాడు ఆమె కొప్పులో మల్లెలు చూసి, అడగకుండా కోశావని, పెళ్ళిపీటల మీదికి మనిషిని పంపి తీయించింది నేనే. ఆ మల్లెలకు నీళ్ళు పోసింది నువ్వు. నేను వాసన చూశాను, అంతే. పదిహేనేళ్ళయింది. ఒక్కసారి కూడా నీతో ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాను. నాకు సిగ్గుగా ఉంది. అట్లాంటి చెయ్యి వేస్తే గింజ ఎందుకు మొలుస్తుంది?

నీకు ఇష్టమైతే ఇంకొన్ని పంపు. ఇష్టం లేకపోతే అదీ రాయి, ఏమీ అనుకోను.

ఇట్లు,
కమల


30-3-1988

దొరసానికి భూమవ్వ రాయునది.

నీ కాయితం మూడుసార్లు సదివిన. అచ్చరాలు రాక గాదు.

గా పూల ముచ్చట నువ్వు ఎప్పుడో మర్సిపోయినవనుకున్న. నేనొక్కదాన్నే మోస్తున్న అనుకున్న. ఇగ గీ సంగతి మీద ఇంతకన్న రాయ చేతగాదు.

గింజలు పంపుతున్న. సోర, బీర, తీగ బచ్చలి. గీసారి మొలుస్తయి. పూచి నాది. నీ చెయ్యి మంచిదే.

సోరగింజ ఒక రాత్రి నీళ్ళల్ల నానవెట్టి, మొన పక్క కిందికి ఉండేటట్టు వెయ్యి. సోర గంగాళంల, బీర రంజన్లల్ల, బచ్చలి పిట్టగోడ పొంటి డబ్బాలల్ల. ఒక్కో మొదట్ల చిన్న మట్టి ముంత పూడ్చు. ముంత అడుగుకు సూదంత బొక్క వొడిచి దాంట్ల నీళ్ళు పొయ్యి. పొద్దంత సుక్క సుక్క వేరుకే పోతది, ఎండ తాగది. నిలవెట్టిన గోనె సంచికి పక్కలకు చీలికలు కోసి మెంతులు గుచ్చు, సంచి సంచంత కూరైతది. నీళ్ళ కుండ కింద పుదీన వెట్టు, కుండ కారినంత దానికే. బియ్యం కడిగిన నీళ్ళు పారవోత్తె నామీద ఒట్టు.

మట్టి మీద దూది లెక్క ఏమన్న కప్పితె పదును ఆరది. సిరిసిల్లల కనకవ్వ పెనిమిటికి నాలుగు సాంచెలు నడుత్తున్నయి. బట్ట నేసినంక మిగిలిన నూలు పోగులు బుట్టలకు బుట్టలు పారవోత్తరు. అవి పంపుమని అడిగిన. ఎవలకు అన్నది. ఫలానా దొరసానికి అన్న. నాలుగోనాటికి సంచి నిండ కుక్కి బస్సుకు ఏసింది. తీగలు కట్టుకొనుటానికి గట్టి దారం ఉండలు సుత రెండు వెట్టింది. నేను దారం అడగనే లేదు.

రాసింది,
భూమవ్వ


కోరుట్ల
11-4-1988

ప్రియమైన భూమవ్వకు,

వచ్చాయి! మొత్తం పద్నాలుగు వచ్చాయి!

మొదట మూడు, తర్వాతి రోజు అయిదు, నిన్న మిగతావి. ఒక్కొక్క చోట రెండేసి దళాలు నిటారుగా నిలబడ్డాయి. ఎంత బలంగా ఉన్నాయో నువ్వు చూడాలి. ఎండకు తట్టుకోలేవేమోనని మధ్యాహ్నం నుంచి పడమటి గోడ చాటున దాచి, పొద్దుగూకాక బయటికి తీస్తున్నాను. నీళ్ళు, తిండి వేళకు అందుతున్నాయి. కింది వాటా వాళ్ళకు ఇంకా తెలియనివ్వలేదు. మీ దొరకు కూడా అన్నీ చూపించలేదు.

మూడో దళం రాగానే గది మీదికి ఎక్కిస్తాను. పైన అంతా ఆక్రమించాలంటే ఇంకా ఆరు వారాలు పట్టేట్టుంది. సిరిసిల్ల నుంచి కనకవ్వ పంపిన సామాను అందింది, చాలా పనికొచ్చింది. మందు మాత్రం ఇంకా పెట్టలేదు. ఎప్పుడు, ఎంత పెట్టాలో నువ్వే చెప్పు, నువ్వు చెప్పందే ఏమీ చేయను.

పొద్దున లేస్తూనే పరుగెత్తి చూసుకుంటున్నాను. నాకు నలభై ఎనిమిదేళ్ళని ఎవరైనా అంటే కొట్టేట్టున్నాను. ఈసారి మృగశిర మనదే.

నీ
కమల


కోరుట్ల
20-4-1988

ప్రియమైన భూమవ్వకు,

కూర్చుని చదువు. నిలబడి చదివితే నవ్వలేక పడిపోతావు.

మొన్న పొద్దున మెట్ల మీద బూట్ల చప్పుడు. ఏడుగురు పోలీసులు, తుపాకులతో. మీ దొర ఇంట్లో లేరు, జగిత్యాల పోయారు. పెద్ద సారు డాబా మీద నిలబడి నాలుగు దిక్కులూ చూసి, "ఎక్కడున్నరమ్మా?" అన్నాడు. ఎవరు అన్నాను. "రెండు దళాలు" అన్నాడు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. జేబులోంచి కాగితం తీశాడు. నేను నీకు రాసిన ఉత్తరానికి నకలు! మన ఊరి వైపు పోయే ఉత్తరాలు విప్పి చూస్తున్నారట. "మీ రాతే గదా. రెండేసి దళాలు గోడ చాటున దాచిన అని రాసిన్రు. మూడో దళం వస్తె గది మీదికెక్కిస్త అన్నరు. సామాను సిరిసిల్ల నుంచి. మందు ఎంత పెట్టాలె అని అడిగిన్రు" అని వేలు పెట్టి చూపించాడు.

అప్పుడు వెలిగింది, ఆయన వెతికేది అన్నల దళాలను. నవ్వు ఆగలేదు భూమవ్వా. తుపాకుల ముందు అట్లా నవ్వకూడదని తెలుసు, అయినా ఆగలేదు. చెయ్యి పట్టుకుని లాక్కుపోయినంత పని చేసి గోడ చాటు చూపించాను. సోరమొలకల ముందు గొంతుక్కూర్చుని రెండు ఆకులనూ చూశాడు. "ఇవేనా?" అన్నాడు. ఇవే, గింజలోంచి మొదట వచ్చే జంట ఆకులను దళాలంటారు, నాకు బళ్ళో అట్లాగే చెప్పారు అన్నాను. వెనకున్న జవాన్లు మొహాలు తిప్పుకున్నారు. సారు కుర్చీలో కూర్చుని చాయ్ తాగి, సారీ అమ్మా అని చెప్పి పోయాడు.

మీ దొర మాత్రం నవ్వలేదు. సాయంత్రం విని మంచం మీద కూలబడ్డారు. "ఇయ్యాల పోలీసులొచ్చిండ్రు. రేపు పోలీసులు మనింట్ల చాయ్ తాగిండ్రని అన్నలొస్తరు. మృగశిర లేదు, ఏం లేదు. జూన్ల తమ్మునికి సెలవు దొరకంగనే పోతున్నం" అని అప్పుడే హైదరాబాదుకు కార్డు రాశారు. నేనేం చేయను? మొక్కలు మొలిచాక మాట తప్పుతున్నారు. నువ్వే ఏదైనా ఉపాయం చెప్పు. వెంటనే రాయి.

నీ
కమల


కోరుట్ల
2-5-1988

భూమవ్వా,

పది రోజుల నుంచి నీ ఉత్తరం లేదు, అలిగావనుకున్నాను. ఇవాళ లచ్చయ్య ఊరికి పోయి వచ్చి చెప్పాడు.

నన్ను వదిలేసిన మాటకు నిన్ను రోజూ క్యాంపుకు పిలిపించి, పొద్దుటి నుంచి పగటి దాకా ఎండలో కూర్చోబెడుతున్నారా? దళం ఎక్కడుందో చెప్పమంటున్నారా? నా దగ్గరేమో కుర్చీలో కూర్చుని చాయ్ తాగి సారీ చెప్పారు. నేను దాన్ని నవ్వులాటగా నీకు రాశాను. ఆ ఉత్తరం నీకు అందకుండా ఉంటే బాగుండును.

రేపు మొదటి బస్సుకు వస్తున్నాను. ఆలస్యంగా మొలిచిన ఒక బీరపాదు ఇంకా రెండాకుల మీదే ఉంది, డబ్బాతో సహా తెస్తున్నాను. మీ దొర వద్దన్నారు. ఎనిమిదేళ్ళుగా పోని ఊరికి ఒక్కదానివి ఎట్లా పోతావన్నారు. నేను వినలేదు. ఆయన కోపంగా జగిత్యాల పోయి, పాత పుస్తకాల దుకాణంలో తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం కొనుక్కొచ్చి నా సంచి మీద పెట్టారు.

ఈ ఎండకు రెండు రోజులు నీళ్ళు లేకపోతే ఇక్కడి పాదులన్నీ మాడిపోతాయి. మాడితే మాడనీ. హైదరాబాదే పోతాను. ఈ ఉత్తరం నీకు చేరేలోపు నేనే చేరుతాను, అయినా రాయకుండా ఉండలేకపోయాను.

కమల


15-5-1988

కమలమ్మకు భూమవ్వ రాయునది.

ఇగ దొరసాని అని రాయను. నేల మీద నా పక్కపొంటి కూసున్నదాన్ని దొరసాని అని ఎట్ల రాయాలె?

ఊర్లె నీ ముచ్చట రోజుకొక తీరుగ పెరుగుతున్నది. నువ్వు సారు చెంప మీద కొట్టినవని సుత అంటున్నరు. గందుకే నేను సూసింది సూసినట్టు రాసిపెడుతున్న, నీకాడ ఉండనీ.

నువ్వు బస్సు దిగి ఎవ్వలింటికి పోలేదు. డబ్బ సంకల వెట్టుకోని సీద గడికే అచ్చినవు. నేను ఎప్పటి లెక్కనే జీపుల పక్కకు ఎండల కూసోని ఉన్న. క్యాంపు సారు నిన్ను సూసి లేసిండు. కుర్చి ఏపిచ్చిండు. గా కుర్చి నీ గడిదే. నువ్వు కూసోలేదు. "నేను రాసిన మాటకు గీమె ఎందుకు ఎండల కూసోవాలె? కూసోవెడ్తె నన్ను కూసోవెట్టు" అన్నవు. పట్టుచీరతోని నా పక్కకచ్చి మట్టిల కూసున్నవు. నేను జరిగితె నువ్వు సుత జరిగినవు. ఊరంత దర్వాజ కాడ నిలవడ్డది.

నువ్వు బీరపాదు డబ్బ ముందల వెట్టి, సైన్సు పుస్తకం సారు చేతికిచ్చినవు. సారు పుస్తకం సదివిండు. జవానుకు ఇచ్చిండు. వాడు సూసి, "అవును సార్, బీజదళాలు. మేం సుత సదివినం" అన్నడు. "మరి పదారు రోజుల సంది ఎందుకు చెప్పలేదురా?" అంటె, "మీరు అడగలేదు సార్" అన్నడు. గక్కడ నాకు నవ్వాగలేదు. నువ్వూ నవ్వినవు. సారు సుత మీసం కింద నవ్వి, నన్ను ఇంటికి పొమ్మన్నడు.

ఒక్క మాట రాత్త, ఏమనుకోకు. నేను పదారు రోజులు కూసుంటె కాని పని నువ్వు అర్ధగంట కూసుంటె అయింది. నాకు సంబురమైంది, కోపం సుత అచ్చింది. రెండు నిజమే. నువ్వు మా ఇంట్ల జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని ఇంకో రొట్టె అడిగినప్పుడు కోపం జరంత తగ్గింది.

ఇగ నా తప్పు. గిది మొకం మీద చెప్ప చాతగాక ఇంటికచ్చిన నిన్ను తిన్నగ పంపిన. మొదటిసారి పంపిన గుమ్మడి గింజలు నేను పొయ్యి మీద మంగలంల ఏంచి పంపిన. కావాల్ననే చేసిన. నువ్వు మట్టి మోసి, పిసికి, నీళ్ళు పోసి రోజు సూసుకుంట కూసోవాలె, ఒక్కటి మొలవద్దు, నా బిడ్డ పీటల మీద ఏడ్సినట్టు నువ్వు సుత ఒక్కసారి ఏడువాలె అనుకున్న. నువ్వేమో నా చెయ్యి మంచిది గాదని నిన్ను నువ్వే అనుకున్నవు. గా కాయితం సదివిన దినం నాకు బువ్వ వోలేదు. నీ చెయ్యికి ఏం తప్పు లేదు కమలమ్మా. గింజలే సచ్చినయి.

నీ పాదులు ఎండిపోయినయా? హైదరాబాదు పోతున్నవా? పోయేటట్టుంటె పోకముందు ఒక్క ముక్క రాయి.

భూమవ్వ


కోరుట్ల
8-6-1988

ప్రియమైన భూమవ్వకు,

నీ లెక్కనే నేను కూడ మాట్లాడినట్టు రాస్తున్న. పుస్తకం తెలుగు రాసి ఏమైందో చూసినం గదా. ఆకును ఇకనుంచి ఆకే అంట.

ముందు నీ తప్పు సంగతి చెప్పి పక్కకు పెడ్త. గింజలు ఏంచినవని నాకు తెలుసు.

గుడ్డ మూట విప్పంగనే వాసన వచ్చింది. ఒక గింజ కొరికి చూసిన, కరకరమన్నది. ఉప్పొక్కటే తక్కువైంది. మిగిలినయి మాత్రం నిజంగనే మట్టిల వేసిన, పన్నెండు రోజులు నిజంగనే నీళ్ళు పోసిన. ఎందుకని అడిగితే ఏం చెప్పాలె? నువ్వు ఏమీ అనకుండ పంపిన శిక్ష అది. నేను కూడ ఏమీ అనకుండ తీసుకుందామనుకున్న. చెయ్యి మంచిది కాదని రాసింది అబద్ధం కాదు భూమవ్వా. మల్లెల ముచ్చట నోట్లకు తేవడానికి నాకు అంతకన్న మంచి సాకు దొరకలేదు. నువ్వు ఏంచకపోతే నేను ఆ మాట ఈ జన్మల రాసేదాన్ని కాదు.

ఇగ పాదులు. నీ ఇంటి నుంచి మర్నాడు పగటాల్లకు వచ్చి, అన్నీ మాడి ఉంటయని ఏడుపు మొకం పెట్టుకొని మెట్లెక్కిన. ఇరవయ్యో మెట్టు కాడ మా ఆయన ఎదురైండ్రు. ధోవతి ఎగ్గట్టి, నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద బిందె. సగం నీళ్ళు మొకం మీదనే కారుతున్నయి. యాభై అయిదేండ్ల మనిషి, పుట్టిన కాడినుంచి మంచినీళ్ళ చెంబు కూడ తానై ముంచుకోలేదు. నన్ను చూసి, "నీ మీది కోపం చెట్ల మీద చూపెడ్తనా?" అన్నరు. పైకి పోయి చూస్తే ప్రతి ముంత నిండ నీళ్ళున్నయి. ఒక్క ఆకు వాడలేదు.

ఆ దినం సంది నాకు పోటీ మొదలైంది. నేను పోసినంక మల్ల పోస్తున్నరు. సోర కొనలు రేకుల మీదికి ఎక్కితే, కనకవ్వ దారంతోని వలలెక్క అల్లి దారి చూపిచ్చింది ఆయననే. రోహిణి ఎండలకు గోనె సంచులు తడిపి రేకుల మీద పరిచిండ్రు, తీగ కాలకుండ. సాంచెల వేస్టు చాలకపోతే సిరిసిల్ల పోయి కనకవ్వ ఇంటి ముందు నిలబడి ఇంకో సంచి అడిగి తెచ్చుకున్నరు. కనకవ్వ చాయ్ పోసిందట, మంచిగ మాట్లాడిందట. ఏం మాట్లాడిందో నాకు చెప్తలేరు.

ఇప్పుడు రేకులు కనవడుతలేవు. సోర, బీర కలిసి కప్పేసినయి. పిట్టగోడ మీద బచ్చలి ఎర్రగ పాకింది. మెంతి సంచి రెండుసార్లు కోసిన. కింది వాటా వాళ్ళ వాకిట్ల కూడ ఇప్పుడు డబ్బాలు లేసినయి, మెట్లెక్కి వచ్చి నన్ను అడుగుతున్నరు. నేను నీ లెక్కనే గాజులు తీసి పక్కకు పెట్టుండ్రి అంటున్న.

నిన్న భాస్కర్ రావు జీపు తీసుకొని వచ్చిండు, మమ్ముల తీసుకపోవడానికి. సామాను కట్టలేదేంది అన్నడు. ఇంతవరకు మా ఆయన ఉంటమని అనలేదు, పోతమని అనలేదు. నేను అడగడానికి భయపడి ఊకున్న. ముందు అన్నం తినుమన్నరు. బీరకాయ కూర, సోరకాయ పచ్చడి పెట్టిన. తిని జరసేపు నడుము వాల్చి వస్త అని మా మరిది రేకుల గదిలకు పోయిండు. పగటాల్ల రెండు గంటలు. నెల రోజుల కింద ఆ గదిల ఆ గంటకు కాలు పెడితే అరికాలు కాలేది.

నాలుగైంది, లేవలేదు. అయిదైంది, గురక వినవస్తున్నది. ఆరింటికి కండ్లు నులుముకుంట వచ్చి, "వదినా, గీ గదిల ఇంకో మంచం పడ్తదా? మా ఇంట్ల పంక కింద కూడ గింత నిద్ర పట్టది" అన్నడు.

మా ఆయన అప్పుడు నోరు తెరిచిండ్రు. "మంచం పడ్తది గని, తమ్మీ, సామాను మాత్రం జీపెక్కది. ఎట్ల వస్తమురా? తెల్లారితే నీళ్ళు ఎవరు పోస్తరు?" అన్నరు. అని నా దిక్కు చూడకుండ బిందె పట్టుకొని మెట్లు దిగిండ్రు. నేను తలుపు చాటుకు పోయి కొంగు నోట్ల కుక్కుకున్న. ఏడుపో నవ్వో నాకే తెలియలేదు.

జీపు ఇయ్యాల పొద్దున పోయింది, ఎనిమిది సోరకాయలు, నా మరిది ఎక్కిండ్రు. మృగశిర మొదటి వాన ఇప్పుడే పడుతున్నది, ఆకుల మీద పడి రేకుల చప్పుడు కూడ వినవస్తలేదు. నువ్వు ఎప్పుడొస్తవో రాయి. ముప్పై ఆరు మెట్లు, మెల్లగ ఎక్కు.

మేం ఎటూ పోతలేం భూమవ్వా.

నీ
కమల